రోజా మింగిన మాట

ఎనిమిదో నంబరు లోపలికి పోయింది. జమ్ములమ్మది పదకొండు. మనిషికి పావుగంట అనుకున్నా ముప్పావుగంట, నడుమ డాక్టరమ్మ చాయ్ తాగితే గంట. ఈ గంటసేపూ ఈ పిల్ల తన మణికట్టును ఇట్లాగే బిగించి పట్టుకుంటే సాయంత్రానికి వాచిపోవడం ఖాయమని రోజా అనుకుంది గానీ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. తీసుకుంటే ఆ పిల్ల ఇంకేం పట్టుకుంటుంది, కూర్చున్న బెంచీకే ఒక కాలు ఊగుతోంది. ఊరికి ఆశ కార్యకర్త అయిన ఈ పదహారేళ్లలో గద్వాల దవాఖానలో స్కానింగు గది ముందు ఎంతమంది కడుపుతో ఉన్నవాళ్ల పక్కన కూర్చుందో రోజాకే గుర్తు లేదు. ఎవరి పక్కనా ఇట్లా నోరు కుట్టుకుని మాత్రం కూర్చోలేదు. ఏం తిన్నవ్, బిడ్డ తిరుగుతున్నదా, పిక్కలు పట్టేస్తున్నయా అని ఒకటే వాగుడు, రోజక్క పక్కన ఉంటే రేడియో అక్కర్లేదని ఊళ్లో పేరు. ఇవ్వాళ రేడియో బంద్. నోరు తెరిస్తే నాలుక చివర నిలబడి ఉన్న మాట ఒక్కటే, బయటికి రాకూడనిదీ ఆ ఒక్కటే. "అక్కా, నిజం చెప్పు, గది క్యాన్సరేనా" అని జమ్ములమ్మ గొంతు లోపలే అడిగింది, పొద్దుట బండి ఎక్కినప్పటి నుంచి ఇది ఆరోసారో ఏడోసారో. "కాదని చెప్పిన గదనే." "కాకుంటే ఏంది మరి." ఆ మరి దగ్గరే రోజా ఆగిపోతుంది ప్రతిసారీ, బండి చక్రం గుంతలో దిగబడ్డట్టు.

మూడు వారాల కింద ఇదే గదిలో తెర మీద నల్లగా గుండ్రంగా కనబడింది అది, బిడ్డ పొత్తికడుపులో, చింతగింజంత అయితే ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదేమో, ముప్పై ఎనిమిది మిల్లీమీటర్లు. డాక్టరమ్మ మాధవి మేడం మిషను ఆపి, మళ్లీ పెట్టి, ఇటు తిప్పి అటు తిప్పి కొలిచింది. నీటి తిత్తి అమ్మా, భయపడకు, మూడు వారాలు ఆగి చూద్దాం, యాభై దాటకుండా లోపల నీళ్లు తేటగా ఉంటే మనం చేయాల్సింది ఆగడమే, దాటినా మెలిపడినా హైదరాబాదు పంపుతాను అంది. జమ్ములమ్మ బయటికి పోయింది. కాగితం కోసం రోజా తలుపు దగ్గర నిలబడింది, మేడం హైదరాబాదులో ఎవరో పెద్ద డాక్టరుతో ఫోన్లో ఇంగ్లీషులో మాట్లాడుతోంది, ఆ ఇంగ్లీషు వానలో రోజాకు తెలిసిన చినుకు ఒకటి టప్పున పడింది. ఓవరీ. అండాశయం. ట్రైనింగులో అట్ట మీద బొమ్మ గీసి చూపించారు, గర్భసంచికి రెండు పక్కలా రెండు, ఆడదాని బొమ్మలోనే ఉంటాయి, మగవాడి బొమ్మ గీయనే లేదు. మేడం తలెత్తింది. ఇద్దరి చూపులూ కలిశాయి. ఫోను పెట్టేసి, "రోజా, నీకేం వినబడలేదు కదా" అంది. "లేదు మేడం." కాగితం మీద మాత్రం శిశువు పొత్తికడుపులో నీటి తిత్తి అని రాసి ఇచ్చింది, దేనికి అంటుకున్న తిత్తో రాయలేదు. ఆ తర్వాత ఇంకో రోజు, ఎవరి పేరూ ఎత్తకుండా, ఇట్లాంటి తిత్తి ఉన్న పిల్లలు బతుకుతారా మేడం అని అడిగితే మేడం కూడా ఎవరి పేరూ ఎత్తకుండానే చెప్పింది, తల్లి ఒంట్లో హార్మోన్లు పిల్లకు అందడం వల్ల వచ్చేది రోజా, పుట్టాక అవి అందవు, చాలామందికి నెలల్లో దానంతట అదే కరిగిపోతుంది, ఆడ... అని మొదలుపెట్టి, ఆడుకుంటూ పెరుగుతారు అని మాట మళ్లించేసింది. తెలివైనది. రోజాకు అంత తెలివి లేదు, మళ్లించడం మొదలుపెడితే తప్పకుండా పడిపోతుంది.

ఎదురుగా గోడకు నీలం బోర్డు. ఇక్కడ గర్భస్థ శిశువు లింగ నిర్ధారణ చేయబడదు, అది శిక్షార్హమైన నేరం. ఆ అక్షరాలను ఎన్నిసార్లు చదివిందో, ఇవ్వాళ మాత్రం ఒక్కో అక్షరం తన వంకే వేలు చూపిస్తోంది. విచిత్రం ఏమిటంటే ఈ పిల్లకు ఇవ్వాల్సిన ధైర్యమంతా ఆ ఒక్క మాటలోనే ఉంది, ఆడపిల్లలకు ఇది మామూలేనే, పిచ్చిదానా అని ఒక్క ముక్క అంటే చాలు, ఈ పట్టు సడలుతుంది, ఈ కళ్ల కింద నలుపు పోతుంది, అదే ముక్క నేరం. నేరమని కాదు అసలు. జైలుకు భయపడేదాన్నా నేను, ఈ జీతానికి భయపడేదాన్నా అని తనను తానే అడుగుతుంది, కాదు, బాలమ్మకు భయపడతాను అని తనే జవాబు చెప్పుకుంటుంది. ఆశ కార్యకర్తగా చేరిన మొదటి ఏడు, ఏ ఊళ్లోదో ఒక ప్రైవేటు స్కానింగు, బాలమ్మను మొగుడు తీసుకుపోతుంటే తోడు రమ్మన్నాడు. కొత్త చీర కట్టుకుని పోయింది. మిషను నడిపేవాడు నోటితో ఏమీ చెప్పలేదు, శుక్రవారం రండి కాగితం ఇస్తా అన్నాడు, అంతే. దారిలో బాలమ్మ అడిగింది, శుక్రారం ఎందుకు అన్నడు రోజా. తను నవ్వుతూ, తెలివైనదాన్నని చూపించుకోవడానికి, శుక్రారం లక్ష్మిది గదా, సోమారం అంటే శివునిది అని విప్పి చెప్పింది, పొడుపుకథ విప్పినట్టు. మొగుడు ముందు నడుస్తున్నాడు, విన్నాడు. వారం తిరిగేసరికి బాలమ్మ ఉత్త కడుపుతో, ముఖం తెల్లగా పాలిపోయి ఇంటికి వచ్చింది. ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఇప్పటికీ ఆ వీధిలో పోతే పిలిచి మంచినీళ్లు ఇస్తుంది, నవ్వుతుంది, ఆ చెంబు తీసుకున్నప్పుడల్లా రోజాకు గుటక దిగదు.

తొమ్మిదో నంబరు పిలిచారు. పక్కన స్తంభానికి ఆనుకుని కింద కూర్చున్న చంద్రమ్మ, జమ్ములమ్మ అత్త, కొంగులోంచి వక్కపలుకు తీసి దవడన పెట్టుకుంది. "ఏమంటదో ఏమో నీ మిషిను రోజమ్మా. నేను తొమ్మిది మందిని కన్న, ఒక్కదానికి గూడ కడుపుల ఫోటో దిగలే." కాసేపు నమిలి, తనే, "నలుగురు సచ్చిపోయిండ్రు. ఫోటో దిగితే బతుకుతుండ్రేమో, ఎవనికెరుక" అంది. చెడ్డది కాదు చంద్రమ్మ. కోడలికి క్యారెట్ల డబ్బా, కోడిగుడ్ల డబ్బా తనే మోసుకొచ్చింది. కానీ మనసు చేను దగ్గర ఉంది. విత్తన పత్తికి ఇది క్రాసింగు కాలం, మధ్యాహ్నం నుంచి పొద్దు గూకేదాకా ఆడ సాళ్లలో మొగ్గలు గిల్లి లోపలి పుప్పొడి తీసేయాలి, తెల్లవారి మగ సాళ్ల పూలు తెంచి వాటికి అద్దాలి, ఒక్క రోజు తప్పితే ఆ రోజు మొగ్గ రాలిపోతుంది. కొడుకు జగన్ పూనాలో బిల్డింగు పనిలో ఉన్నాడు, ఇంట్లో ఉన్న చేతులు నాలుగే, అత్తవి రెండు, కోడలివి రెండు. కోడలు వంగలేని స్థితికి వచ్చినప్పటి నుంచి రెండే. "హైదరాబాదు అంటే చేను ఇడిసిపెట్టుడే బిడ్డా. నేను ఉన్నమాట చెప్త, నన్ను తిట్టుకుంటే తిట్టుకో. పుట్టినదాన్ని సాదుకుంటం, ముందటి ఇద్దరు ఆడపిల్లలను సాదుతలేమా. గానీ పుట్టకముందుకే సూదులు, హైదరాబాదులు అంటే అది కొడుకై ఉండాలె. కాకుంటే దేవుడెట్ల రాస్తే గట్ల. నీకేమన్న ఎరుకనా?" "నాకెట్ల ఎరుక పెద్దమ్మా" అంది రోజా, అబద్ధం ఇంత సాఫీగా వస్తుందని తనకే తెలియదు. అంటే తాడు రెండు కొసలూ తన చేతిలోనే ఉన్నాయి. ఆడపిల్ల అని చెబితే ఈ పిల్ల గుండె కుదుటపడుతుంది, అత్త చేనుకు పోతుంది. చెప్పకుంటే అత్త హైదరాబాదు వస్తుందేమో, ఈ పిల్ల అక్కడిదాకా నిలబడేట్టు లేదు. ప్రభువా అని మొదలుపెట్టింది, నీ చిత్తం దగ్గర ఆగిపోయింది, చిత్తం ఏమిటో ముందు చెబితే కదా.

చంద్రమ్మ నీళ్ల సీసా నింపుకు రావడానికి లేచింది. ఆమె మలుపు తిరిగే వరకూ చూసి జమ్ములమ్మ రోజా చెవి దగ్గరికి వచ్చింది, వేడి ఊపిరి. "అక్కా, నేనొకటి చేసిన." రోజా తల తిప్పలేదు, తిప్పితే ఆపేస్తుందని. "మూడో నెల పడంగనే అత్తమ్మ తీస్కపోయింది, కొల్లాపూర్ అవతల ఒకతాన. కొడుకు మందు ఇస్తడంట. నల్ల ఉండ, ఆవుపాలల్ల, తూర్పు దిక్కు మొకం పెట్టి మింగాలె, పళ్లకు తగలొద్దు. మూడు ఆదివారాలు." "మింగినవా." "రెండే మింగిన. మూడోది కక్కుకున్న. అత్తమ్మ చూడలే, నేను చెప్పలే." గొంతు పూర్తిగా గాలైపోయింది. "గందుకే సగం మారి ఆగిపోయింది అక్కా. ఆడపిల్ల కాదు, మగపిల్లగాడు కాదు. మారనీకి లేసిందే గా తిత్తి. ఇంకో ఉండ పడకపోయేసరికి గట్లనే నిలబడ్డది." ఎవరు చెప్పిండ్రే నీకు అని రోజా అడగబోయింది, కానీ ఎవరు చెప్పాలి, ఈ పిల్ల పదకొండేళ్ల నుంచి విత్తన పత్తిలో మొగ్గలు గిల్లుతోంది. గిల్లేటప్పుడు గోరు సరిగ్గా పడక పుప్పొడి కాస్త మిగిలిపోయిందంటే ఆ మొగ్గ తనంతట తనే కాయ కట్టుకుంటుంది, ఆ గింజ ఇటు కాదు అటు కాదు, కంపెనీవాడు కనిపెట్టాడంటే గిల్లినవాళ్లను చేనంతా వినబడేలా తిడతాడు, సూపర్‌వైజరు ఆ కాయను తెంచి గట్టు మీద పారేస్తాడు. జమ్ములమ్మకు తెలిసిన చదువు అది. దాన్ని పట్టుకునే కడుపులోకి తొంగి చూసుకుంది. మూడు వారాల నుంచి క్యాన్సరా క్యాన్సరా అని అడుగుతున్నది కూడా దీన్ని దాచడానికే, క్యాన్సరైతే తన తప్పు కాదు కదా. "గట్ల పుడితే నేను బతకను అక్కా" అంది, ఏడుపు లేదు, కూరలో ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా. "చేనుకు కొట్టే మందు డబ్బా దూలం మీదనే ఉన్నది."

పదో నంబరు. ఒంట్లో రక్తమంతా మణికట్టు దగ్గర ఆగి కొట్టుకుంటోంది, అది తనదో ఆ పిల్లదో తెలియడం లేదు. ఈ సాయంత్రమే వీళ్లింటికి పోయి ఆ డబ్బా తీసుకెళ్లి తన ఇంట్లో దాచాలి, మొదటి పని అది, కానీ డబ్బాలు ఊరంతా ఉన్నాయి, ఏ ఇంటి దూలం మీద లేదు గనక. చెప్పేయ్ అంది లోపలి నుంచి ఒక గొంతు, చెవిలో రెండే రెండు మాటలు, ఆడపిల్లే, మంచిగుంది. ఇది ఎనిమిదో నెల, బాలమ్మకు జరిగినట్టు ఇప్పుడేం జరుగుతుంది. ఏం జరగదు, ఏమీ చేయకపోవడమే జరుగుతుంది, దేవుడెట్ల రాస్తే గట్ల, లోపల తిత్తి మెలిపడి నల్లబడితే దేవుడే రాసినట్టు. ఈ పిల్లకు చెబితే ఈ పిల్ల దాచుకోగలదా, ముఖం చూడు, గాజు గ్లాసులో నీళ్లలా ఉంది, అత్త ఒక్క చూపు చూస్తే అడుగు కనబడుతుంది. బాలమ్మ చెంబు. ఆ రోజు దారిలో వేపపూల వాసన, తన కొత్త చీర గరగర, శుక్రారం లక్ష్మిది గదా అన్నప్పుడు తన గొంతులోని కులుకు, ఆ కులుకును పీకి నేలకేసి కొట్టాలని పదహారేళ్లుగా అనిపిస్తుంది. చంద్రమ్మ సీసాతో తిరిగి వచ్చింది. "గింతసేపు ఏం గుసగుసలు. నన్ను తిట్టుకుంటుండ్రా." "నిన్ను తిట్టే ధైర్యం ఎవరికున్నది పెద్దమ్మా." "గదే చెప్త. ఎదురుంగ తిట్టుండ్రి, జవాబన్న చెప్త." ఆమె నవ్వింది. పదకొండు అని లోపల నుంచి కేక.

గది చల్లగా, చీకటిగా ఉంది. మేడం జిగురు రాసి మిషను పెట్టింది. జమ్ములమ్మ తెర వైపు చూడడం లేదు, పైన తిరగని ఫ్యానును చూస్తోంది. తెర మీద బూడిదరంగు పొగ కదిలి, వెన్నుపూస ముత్యాల పేరులా వచ్చి పోయి, గుండె టకటక కనబడి, అదిగో, నల్లటి గుండ్రం. పెద్దదైంది. కొలిచే గీత ఈ అంచు నుంచి ఆ అంచుకు పాకింది. నలభై ఆరు, నలభై ఎనిమిది, ఆగు ఇక్కడ ఆగు అని రోజా పళ్లు బిగించింది, యాభై ఒకటి దగ్గర ఆగింది. ఒక్క మిల్లీమీటరు, చీమ తలంత, దాని మీద ఇంత బతుకు. మేడం మళ్లీ కొలిచింది. యాభై ఒకటే. "నీళ్లు తేటగా ఉన్నాయమ్మా. రక్తం చేరలేదు, మెలిపడలేదు. అది మంచిది. కానీ యాభై దాటింది కాబట్టి రేపే హైదరాబాదు పోవాలి. వాళ్లు చూసి, అవసరమైతే సన్న సూదితో నీళ్లు తీస్తారు, లేదంటే కాన్పు దాకా కనిపెట్టుకుని ఉంటారు. ఈ లోపల ఎవరైనా ఆపరేషన్ చేసి బిడ్డను ముందే తీసేస్తామంటే ఒప్పుకోవద్దు, నెలలు నిండాలి." జమ్ములమ్మ ఫ్యానును చూస్తూనే, "నేను పోను మేడం" అంది. "ఎందుకు." "సగం బిడ్డను పట్టుకొని గంత దూరం ఎందుకు." తర్వాత మొత్తం చెప్పేసింది, నల్ల ఉండ, ఆవుపాలు, రెండు ఆదివారాలు. మేడం చేతిలో మిషను అట్లాగే ఉండిపోయింది. తిడుతుందనుకుంది రోజా, తిట్టలేదు. "చూడమ్మా, ఏ బిడ్డ అనేది కడుపు పడ్డ రోజే తేలిపోతుంది. ఆ తర్వాత ఏ మందూ మార్చలేదు. సగం మారి ఆగడమనేదే లేదు. ఇంకెప్పుడూ అట్లాంటివి మింగకు, అంతే." జమ్ములమ్మ మొదటిసారి తల తిప్పి తెరను చూసింది. "మరి గది ఏంది మేడం. దేనికి అంటుకొని ఉన్నది."

మేడం కాగితం తీసి మిషను తుడవడం మొదలుపెట్టింది, తుడిచిందే తుడుస్తోంది. ఆ గదిలో ఇద్దరు ఒకే మాటను మింగుతున్నారని రోజాకు తెలుస్తోంది, చదువుకున్నావిడ గొంతులో కూడా అది రాయిలాగే దిగుతోందని తెలుస్తోంది. ఒక్కటే మిగిలింది, తన నోటికి అందేది. "పూర్తి బిడ్డనే జమ్ములమ్మా. ఏదీ సగం లేదు. అన్నీ ఉన్నయి." "నీకెట్ల తెలుసు అక్కా." నిజమే, పూర్తి అని చెప్పాలంటే ఏది పూర్తో తెలిసి ఉండాలి కదా, ఇంత చిన్న లొసుగు తనకెందుకు తట్టలేదు. జమ్ములమ్మ రోజా ముఖాన్ని చూస్తోంది, గోరు ఎక్కడ పెట్టాలో మొగ్గను చూసినట్టు, దగ్గరగా, ఓపికగా. ఈ పిల్ల రెండు కాన్పుల్లో రెండుసార్లు మంచం మీద పడుకుని ఏం పుట్టిందని అడిగింది, రెండుసార్లూ అడిగిన వెంటనే జవాబు రాలేదు. కొడుకైతే జవాబు ప్రశ్న కంటే ముందు పరుగెత్తుకొస్తుంది. ఆలస్యం ఎప్పుడు అవుతుందో ఆమెకు బాగా తెలుసు. చూపు తిప్పుకోవాలని రోజాకు అర్థమయ్యేసరికి ఆలస్యమైపోయింది, అప్పటికే చెప్పేసింది, నోరు కదపకుండా, నీలం బోర్డు అడ్డం రాకుండా. జమ్ములమ్మ కళ్లలో ఏదో మెల్లగా కిందికి దిగి కూర్చుంది. పొట్ట మీద జిగురు తుడుచుకుంది, చీర సర్దుకుంది, తనంతట తానే లేచి కూర్చుంది. "రేపు బండి ఎన్నింటికి వస్తది అక్కా." ఇంకో బాలమ్మ అనుకుంది రోజా. ఇప్పుడు తలుపు తీస్తే బయట అత్త ఉంటుంది, గాజు గ్లాసు, తేట నీళ్లు.

చంద్రమ్మ తలుపు పక్కనే నిలబడి ఉంది. "ఏమాయె." జమ్ములమ్మ ఆమె ముందు ఆగి, ఒక చెయ్యి పొట్ట మీద వేసి, సూటిగా ముఖంలోకి చూసింది. "కొడుకు మందు పనిచేసింది అత్తమ్మా. రేపే హైదరాబాదు పోవాల్నంట." చంద్రమ్మ దవడ కదలడం ఆగింది. "డాక్టరమ్మ చెప్పిందా." "ఆమె ఎట్ల చెప్తది, బోర్డు మీద ఏం రాసిన్రో చదవనీకి రాకున్నా ఎరుకనే గద. నాకు తెల్సింది." గొంతు వణకలేదు, రెప్ప కొట్టుకోలేదు, ఆ ముఖంలో అడుగు ఎక్కడుందో రోజాకే కనబడలేదు. ముసలామె రోజా వైపు తిరిగింది. "గట్లనా రోజమ్మా?" "ఆలస్యం చేయొద్దు పెద్దమ్మా. రేపు పొద్దుగాలనే పోవాలె" అంది. చంద్రమ్మ ఒక్క క్షణం ఇద్దరినీ మార్చి మార్చి చూసి, వక్క ఉమ్మి, కొంగు నడుముకు చుట్టి దోపింది. "చేను పాడుగాను. గిల్లనీకి రాములమ్మను కూలికి పెట్టిపోదాం. ఫోను తీయ్, జగన్‌కు చెప్పాలె" అంటూ గేటు దిక్కు నడిచింది, వెనక్కి చూడకుండా, డబ్బాలు రెండూ చంకలో పెట్టుకుని. జమ్ములమ్మ వెనక పడి నడుస్తూ, పెదవులు సరిగా కదపకుండా అంది, "నువ్వేం చెప్పలేదు అక్కా. నాకేం తెల్వదు. పుట్టినంక సంగతి పుట్టినంక నేను చూసుకుంట." కాన్పుకు ఇంకా ఏడు వారాలు. రోజా ఫోను తీసి బండి నంబరు నొక్కింది, అటువైపు ఎవరో హలో హలో అంటున్నారు, "రేపు పొద్దుగాలనే బండి కావాలె, హైదరాబాదుకు" అంది.